నలభై మూడు కాదు, నలభై నాలుగు

మెడిసిన్ మూడో ఏడు చదివే పిల్లలంతా తమ క్లాసులోనే ఉన్న ఒకమ్మాయిని "ఇప్పుడొస్తా" అని పిలిచేవారు. పాఠం మధ్యలోనైనా, రోగి మంచం పక్కనైనా, ఆ మాట అనేసి పొట్ట పట్టుకుని బాత్‌రూమ్‌కి పరుగెత్తేది మరి. ఆ పేరు పెట్టింది పరాయివాళ్లు కాదు, మూడేళ్లుగా హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్న పొడుగమ్మాయే. పొడుగమ్మాయికీ అదే బాధ. గోడకు కూడా తెలియనిచ్చేది కాదు. పరీక్ష ఉందంటే ముందురోజే అన్నం మానేసి, పైకి జోకులేస్తూ నెట్టుకొచ్చేది. నలుగురి చూపూ ఇంకొకరి మీదుంటే తన మీద పడదని ధీమా.

కడుపు మెలిపెడుతుంది, ఎన్ని టెస్టులు చేసినా లోపం కనబడదు. దాన్ని ఐబీఎస్ అంటారని అందరూ పుస్తకంలో చదివినవాళ్లే. తమ కాలేజీలో ఎంతమందికి ఉందో చూద్దామని ప్రొఫెసర్ మేడం కాగితాలు పంచింది. పేర్లు రాయక్కర్లేదంది. నూట యాభై కాగితాలు లెక్కపెట్టే పని పొడుగమ్మాయి మీద పడింది. ఉందన్నవాళ్లు నలభై మూడు మంది. వెనక బెంచీల్లో పగలబడి నవ్వినవాళ్లూ అందులో ఉండే ఉంటారు. తను మాత్రం, పేరు లేని కాగితం మీద కూడా, లేదనే రాసింది.

ఆ కాగితాలు పట్టుకుని గదికి పరుగెత్తింది. అప్పటికే పెట్టె సర్దేసి ఉంది. స్నేహితురాలు చదువు మానేస్తోంది, వాళ్ల నాన్న కింద కారులో ఉన్నాడు. నిన్న నోటి పరీక్షలో ప్రశ్నలడిగిన పెద్ద డాక్టరుగారు, రోగి ప్రాణం పోతున్నా ఇప్పుడొస్తా అంటావా డాక్టరమ్మా, అన్నాడట. ఆ పేరు ఆయన దాకా ఎలా పాకిందో పొడుగమ్మాయికి వేరే చెప్పాలా.

"నువ్వొక్కదానివే కాదే. నలభై మూడు మంది ఉన్నారు, చూడు."

ఆమె కాగితాల వంక చూడలేదు. పొడుగమ్మాయి మొహంలోకే చూసింది.

"వాళ్లలో నీకు తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. నేనున్నాను అంటే చాలు, పెట్టె విప్పేదేమో. అంటే, మరి ఆ పేరెందుకు పెట్టావని అడగదా?

"పేర్లు రాయలేదుగా" అంది.

"అంతేలే."

సెలవు తీసుకోవడానికి కూడా స్నేహితురాలికి మాట దొరకలేదు పాపం. వస్తానంటే ఎగతాళి, వెళ్తానంటే అపశకునం. పెట్టె లాక్కుంటూ బయటికి నడిచింది.

మెట్ల మీద పెట్టె చక్రాల చప్పుడు వింటూ పొడుగమ్మాయి తెగించింది. చెప్పేస్తాను, తిడితే తిట్టనీ, అనుకుని గుమ్మం దాటింది. దాటీ దాటగానే కడుపులో తడిబట్ట పిండినట్టయింది. మెట్లవైపు ఒకడుగు వేసింది. రెండో అడుగు బాత్‌రూమ్ వైపే పడింది.

లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. కింద కారు డిక్కీ మూసిన చప్పుడు. ఇంజను మాత్రం మొదలవలేదు. చాలాసేపు మొదలవలేదు. ఎవరికోసం ఆగారో తెలుస్తూనే ఉంది. "ఒక్క నిమిషం" అని అరిచింది. ఆ అరుపు పలకల గోడల మధ్యే తిరిగింది.

నొప్పి వదిలి కిందికి దిగేసరికి వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు. ఆ పిల్ల రెండుసార్లు కారు దిగి పైకి చూసిందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ అమ్మాయి రాదులే తల్లీ అని వాళ్ల నాన్నే నచ్చజెప్పి తలుపు వేశాడట.