పడిన మాగ్నెటో

పాత విమానాల షెడ్డులో భూతద్దమ్మ సంతకం పెట్టనిదే ఒక్క నట్టు కూడా ఇంజన్లోకి ఎక్కదు. ఏ భాగం వచ్చినా ముందు భూతద్దం పెట్టి నంబరు చూస్తుంది, తర్వాత కాగితాలు చూస్తుంది, ఆ తర్వాత తెచ్చినవాడి మొహం చూస్తుంది. చివరికి దాన్ని బల్ల మీద పెట్టి కింద నుంచి పల్చటి కాగితం దూరుస్తుంది. గాల్లో ఎగిరొచ్చింది ఏదైనా మళ్ళీ పూర్తిగా కిందికి ఆనదు కదా, గోరు మందాన పైనే ఉంటుంది. పైలట్లకి చెప్పులు అరగవని ఆ వీధి చివరి చెప్పుల షాపాయన ఎప్పుడూ సణుగుతూ ఉంటాడు. పడిన విమానాల సామాను మాత్రం బల్లకి అతుక్కుపోయి కూర్చుంటుంది. దాన్ని మళ్ళీ బిగించే ధైర్యం ఎవరూ చెయ్యరు గనక, అది తిరిగి లేస్తుందో లేదో ఎవరికీ తెలీదు.

ఆ వారం ఒక మాగ్నెటో కావలసి వచ్చింది. ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే చెంబంత డబ్బా అది. దాన్ని చేసే కంపెనీ మూతపడి చాలా కాలమైంది. అది దొరక్కపోతే ఆదివారం విమానం లేవదు. లేస్తే నడపబోయేది భూతద్దమ్మ కూతురు, అదీ మొదటిసారి ఒంటరిగా. అందుకే ఈసారి ఆమె అద్దం ఇంకాస్త దగ్గరగా పెట్టింది.

తెచ్చింది సొంత తమ్ముడే. అతనూ ఒకప్పుడు పైలటే. విమానంతో సహా ఓ పొలంలో పడి, ఎలాగో బతికి బయటపడి, ఇక జన్మలో ఎక్కనని ఒట్టు పెట్టుకుని, పాత సామాను వెతికిపెట్టే పనిలో కుదురుకున్నాడు. అప్పట్నుంచీ అతని అడుగులు మడమ నుంచి వేళ్ళదాకా నేలకి ఆనుతూనే ఉన్నాయి.

మాగ్నెటో కిందికి కాగితం దూరలేదు.

"ఎక్కడిది?" అంది.

మూసేసిన వర్క్‌షాపులో దొరికిందన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ అడిగితే తెలిసినవాళ్ళ అటక మీద ఉందన్నాడు. రెండుసార్లూ గోడ గడియారం వైపు చూస్తూనే చెప్పాడు. చిన్నప్పుడు చక్కెర డబ్బా ఖాళీ చేసినప్పుడూ వీడు గడియారమే చూసేవాడు. ఆమె నంబరు రాసుకుని డబ్బా తిప్పి ఇచ్చేసింది. నా కూతురి ప్రాణం మీదికి తెచ్చేవాడు తమ్ముడైనా ఒకటే, పరాయివాడైనా ఒకటే అని మొహం మీదే చెప్పింది. అతను డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం మళ్ళీ అదే డబ్బా పట్టుకొచ్చాడు. ఈసారి కాగితం ఇటు దూరిస్తే అటు వచ్చింది.

భూతద్దమ్మకి ఒళ్ళు మండింది. డబ్బా మార్చేశాడనుకుంది, నంబరు చూస్తే అదే. లోపల అయస్కాంతం ఉంటుంది కదా, ఇనప బల్లతో ఏదో గారడీ చేశాడనుకుని చెక్క స్టూలు మీద పెట్టింది. అక్కడా కాగితం జారిపోయింది. మూత విప్పితే తీగచుట్ట కొత్తది, బేరింగులు కొత్తవి, పని ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వంక దొరక్కపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది. సంతకం పెట్టకుండా డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున ఇంట్లో నేల తుడుస్తుంటే తమ్ముడొచ్చాడు. తడి ఆరనీయరా, అడుగులు పడతాయి అనేలోపే నడిచొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రేపటికి సంతకం కావాలి, పిల్ల దిగులు పెట్టుకుంది అని మొదలుపెట్టాడు. ఆమె వినడం లేదు. గుమ్మం నుంచి కుర్చీదాకా తడి నేలనే చూస్తోంది. ఎక్కడా ఒక్క అడుగు కూడా లేదు.

"ఎక్కావా?" అంది.

అతను గడియారం వైపు చూడబోయి మానేసి, అక్క మొహం చూశాడు.

"మొన్న. స్నేహితుడి విమానంలో బిగించి ఓ చుట్టు ఎగిరొచ్చాను. పిల్ల కంటే ముందు నేను ఎక్కాలి కదక్కా."

"మరి ఒట్టు?"

"ఆ డబ్బా నాతోపాటే పడింది. ఇన్నాళ్ళూ నా మంచం కిందే ఉంది. బాగుచేసి, నాతోపాటే లేపాను."

తమ్ముణ్ణి దొంగని చూసినట్టు చూసినందుకు ఆమెకి గుండె కలుక్కుమంది. మళ్ళీ పడి ఉంటే ఏం చేసేవాడివిరా అని చెడామడా తిట్టింది. తిడుతూనే కళ్ళు తుడుచుకుంది. షెడ్డుకి వెళ్ళి బీరువా తీసి, మాగ్నెటోకి కట్టే చీటీ మీద 'ఎక్కడిది' అన్నచోట "మా తమ్ముడు పడిన విమానంలోది" అని రాసింది. 'పరీక్షించినవారు' అన్నచోట "మేనమామ" అని రాసి, సంతకం పెట్టింది.

ఆదివారం కూతురి విమానం లేచినప్పుడు మైదానంలో అందరూ పైకి చూశారు. భూతద్దమ్మ మాత్రం మెల్లగా వంగి, పక్కన నిలబడ్డ తమ్ముడి చెప్పుల కిందికి ఒక కాగితం దూర్చి చూసింది.