హింటెరావు ఊరి బదులు

ప్లేగు వచ్చిన నాటి మొక్కు అది. ఏటా మే నెలలో హింటెరావు ఊరు ఊరంతా నడిచి కొండమీది మరియమ్మ చర్చికి రావాలి. వచ్చినన్నాళ్ళూ ఆ ఊరి పేరున్న నిలువెత్తు కొవ్వొత్తి బలిపీఠం పక్కన నిలబడి ఉంటుంది. రాని ఏడాది దాన్ని తీసి కరిగించేస్తారు. మొక్కింది తాతలు, మోకాళ్ళ నొప్పులు మనవలవి. ఒక్కొక్కరే మానేయగా పోయినేడు ఇద్దరే మిగిలారు: క్రెసెంజ్, ఆమె మొగుడు అలోయిస్. ఫిబ్రవరిలో అలోయిస్ కూడా పోయాడు.

ఆ కొండమీది చర్చిలో గంట కొట్టే కోర్బినియన్‌కి మొహమాటం లేదు. అలోయిస్‌ని పూడ్చడానికి వచ్చి, సమాధి దగ్గరే అడిగేశాడు.

“ఈసారి మీ కొవ్వొత్తి తీసేయమంటావా, తల్లీ?”

“నేనింకా చావలేదుగా! వస్తాను.”

“ఒక్కదానివొస్తే ఊరేగింపంటారా? నాకా చూపు మసక. అడవి మలుపులో పిలుపూ బదులూ రెండూ వినబడితేనే గంట కొడతాను. గంట మోగలేదంటే మీ ఊరు రానట్టే. మా తాత నాటి పద్ధతిది.”

జపంలో ముందు సగం ఒకరు పిలుస్తారు, వెనక సగం అందరూ బదులు పలుకుతారు. పిలిచేది అలోయిస్. నలభై ఏళ్ళుగా క్రెసెంజ్ బదులే పలికింది.

మే నెల వచ్చింది. తెల్లవారగానే ఊరి సిలువ భుజాన వేసుకుని ఆమె ఒంటరిగా బయల్దేరింది.

“మరియమ్మా, నీకు వందనం!” అని పిలిచి ఆగింది. బదులు ఊరివాళ్ళ వాటా. అది కూడా తానే పలికితే తన వెనక ఎవరూ లేరని ఒప్పుకున్నట్టే. అందుకని బదులుకు పట్టేంతసేపూ నోరు మూసుకుని నడిచింది. మళ్ళీ పిలిచింది, మళ్ళీ ఆగింది. ఆరు గంటల దారి అలాగే సాగింది. మధ్యలో రొట్టె తీసి అలవాటుగా రెండు ముక్కలు చేసి, ఒకటి తిని, రెండోది సంచిలో పెట్టేసింది.

“ముందు పోవడానికి నీకంత తొందరేమొచ్చిందయ్యా?” అని అలోయిస్‌ని తిట్టింది కూడా.

అడవి మలుపు వచ్చింది. పైన చర్చి గోపురం కనబడింది. గొంతు చించుకుని పిలిచి, ఆగింది. గంట లేదు. మళ్ళీ పిలిచింది. లేదు.

ఇక పట్టు సడలింది. “మా కోసం ప్రార్థించు,” అని తనకు తానే బదులు పలికింది. ఒంటరితనం అప్పుడు తెలిసింది ఆమెకు, ఇంట్లో ఖాళీ మంచం చూసినా ఇంతగా తెలియలేదు. బిగ్గరగా పిలిచింది, ఏడుస్తూ బదులు పలికింది. పిలుస్తూ, పలుకుతూ ఎక్కింది.

గంట మోగింది.

గుమ్మంలో కోర్బినియన్ తీర్థపు గిన్నెతో నిలబడి ఉన్నాడు.

“మిగతావాళ్ళేరీ?”

“వెనక వస్తున్నారు.”

అతను కళ్ళు చికిలించి ఖాళీ దారిని కాసేపు చూశాడు. మసకే గాని గుడ్డి కాదు. తీర్థం చల్లి, లోపలికి వెళ్ళి హింటెరావు కొవ్వొత్తి వెలిగించాడు. పైన బంగారు పూత దేవదూతలు బుగ్గలు ఉబ్బించి బూరలు ఊదుతున్నారు. కింద బల్లలన్నీ ఖాళీ. క్రెసెంజ్ ఆడవాళ్ళ వైపు, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

ఊరేగింపు లోపలికి రాగానే తలుపు మూయడం ఆనవాయితీ. కోర్బినియన్ మూయలేదు. ఒక రాయి తెచ్చి తలుపుకి అడ్డం పెట్టాడు.

“గాలికి కొవ్వొత్తి ఆరిపోతుందయ్యా,” అంది క్రెసెంజ్.

“ఆరితే మళ్ళీ వెలిగిస్తాలే,” అన్నాడతను. “వాళ్ళని రానీ.”