ఊటకు వేసిన ఏడుపు గుడిసె

మా కళ్లముందే బుల్డోజర్ ఊట అంచును గీరింది. తాగే నీళ్లలోకి ఎర్రమట్టి జారింది. దుంపలు కడుగుతున్న ఆడవాళ్లు వల సంచులెత్తుకుని పక్కకు తప్పుకున్నారు.

మా హేలా కొండల గ్యాసు గొట్టంలో దేశ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ తీరానికి పోతుంది. అక్కడి కర్మాగారంలో చల్లబడి, ద్రవమై, పరదేశపు ఓడలెక్కుతుంది. మొదటి గొట్టం వేసినప్పుడు మా పై ఊట పూడిపోయింది. ఇప్పుడు రెండో గొట్టం వేస్తున్నారు. ఊరికి మిగిలింది ఈ ఊట ఒక్కటే.

సాయంత్రం, నేను పాఠాలు చెప్పే బడి దగ్గర, సభలో మగవాళ్లు గొంతులు చించుకున్నారు.

"గొట్టం నరికేద్దాం!"

"నరికితే అందరం మాడి చస్తాంరా!"

వాందోమె ముసలమ్మ దుంప ఒలుస్తూనే అంది: "గొడ్డళ్లు పక్కన పెట్టండి. రేపు నేను ఏడుస్తా."

"ఎవరు పోయారమ్మా?"

"ఊట పోతోందిగా."

చావుకు మేం ఏడుపు గుడిసె వేస్తాం. దాని దగ్గర ఆయుధం ఎత్తకూడదు, పని చేయకూడదు. పగవాడైనా ఒంటికి బురద పూసుకుని కూర్చోవాలి. నా భార్య పోయినప్పుడు వాందోమె నా పక్కనే కూర్చుంది. వేడి దుంప చేతిలో పెట్టింది.

తెల్లారేసరికి ఊట పక్కన ఆకుల గుడిసె లేచింది. బురద పూసుకున్న ఆడవాళ్ల ఏడుపుతో లోయ నిండిపోయింది. బుల్డోజర్ నడిపే పెగాబె, వాందోమె తమ్ముడి కొడుకు, ఇంజను ఆపేశాడు.

"పోనివ్వు!" కాంట్రాక్టర్ అరిచాడు.

"దిగకురా, దిగితే తిన్న కంపెనీ తిండి అరగదు నీకు!" వాందోమె దెప్పింది.

"నోర్ముయ్ అత్తా. ఆ బురద ఇటివ్వు." పెగాబె కిందికి దూకాడు.

అతని వెనక గొట్టాలు అతికేవాళ్లూ, కాపలావాళ్లూ టోపీలు తీసి కూర్చున్నారు. పని ఆగింది.

మధ్యాహ్నం తుపాకులతో పోలీసులు దిగారు.

"శవం ఏదీ?" అధికారి గద్దించాడు.

వాందోమె దోసిట్లో ఎర్రనీళ్లు పట్టింది. "కొనఊపిరితో ఉంది బాబూ. తాగి చూడు."

ఆమెను ట్రక్కెక్కించారు. చేయందించిన కుర్ర పోలీసు ఆమె సంచిని ఒళ్లో సర్ది పెట్టాడు. అతని వేళ్లకు బురదంటింది. తుడుచుకోలేదు.

ట్రక్కులోంచే ఆమె ఏడుపెత్తుకుంది. గొట్టం వెంబడి దిగే దారి అది. కింది ఊరి ఆడవాళ్లు ఆ ఏడుపు అందుకున్నారు. వాళ్ల తర్వాత, కనపడని లోయలోంచి ఇంకో ఊరు.

పెగాబె బుల్డోజర్ తాళంచెవిని ఊట బురదలోకి విసిరి, గడ్డపార అందుకున్నాడు.

"ఇంకో గుంజ పాతాలి మాస్టారూ. వచ్చేవాళ్లకు చోటు చాలదు."

నేను గుంజ పట్టుకున్నాను.