తిరిగొచ్చిన పచ్చిమిర్చి

ఆడవాళ్ళు అన్నం తిని చేతులు కడుక్కుంటున్న వేళకి, తెల్లవారుజామున గన్నవరం విమానాశ్రయానికి వెళ్ళిన వ్యాను తిరిగి వచ్చింది. వెళ్ళిన పెట్టెలన్నీ అందులోనే ఉన్నాయి.

సూసన్ ఎదురెళ్ళింది. నందిగామ దాటాక హైవే పక్కనున్న ఆ పచ్చిమిర్చి ప్యాకింగ్ షెడ్డులో ఆమె సూపర్‌వైజరు. వ్యాను నడిపే జయరాజ్‌తో పెళ్ళయి ఇంకా మూడు నెలలు నిండలేదు.

"విమానం లేదంట. లండన్ నుంచి వచ్చే సీట్లు నిండలేదని ఆపేశారు. పొద్దుట్నించీ ఎండలోనే నిలబెట్టారు" అన్నాడతను మొహం తుడుచుకుంటూ. చుట్టూ చూసి, కాగితంలో చుట్టిన మొక్కజొన్న పొత్తు ఆమె చేతిలో పెట్టాడు. "కీసర టోల్‌గేటు దగ్గర ఆగా. ఇంకా వేడిగానే ఉంది."

అంత దిగుల్లోనూ సూసన్‌కి నవ్వొచ్చింది. ఉప్పూ నిమ్మకాయా రాయించి మరీ తెచ్చాడు!

లోపల ఆమె అత్త, కూలీల మేస్త్రి సౌభాగ్యమ్మ, తన ముఠాని మళ్ళీ పనిలో కూర్చోబెడుతోంది. పెనుగంచిప్రోలు నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళు. తొడిమ ఊడని, వంకర లేని పచ్చిమిరపకాయలు ఏరి, లండన్ వెళ్ళే పెట్టెల్లో పేర్చడం వాళ్ళ పని. అరచేతులకి ఎంత కొబ్బరినూనె రాసుకున్నా, సాయంత్రం బిడ్డ బుగ్గ ముట్టుకోవడానికి భయపడతారు.

చవక టికెట్ల కంపెనీ లండన్‌కి మొదటి విమానం వేసిన రోజున షెడ్డు యజమాని నవీన్‌బాబు వాళ్ళందరినీ గన్నవరం తీసుకెళ్ళాడు. ఉతికిన చీరలు కట్టుకుని, ప్రహరీ బయట మెడలు నొప్పెట్టేలా నిలబడ్డారు. తాము ఏరిన కాయ నెత్తి మీదుగా ఎగిరిపోతుంటే సౌభాగ్యమ్మ చప్పట్లు కొట్టింది. తిరిగొచ్చే దారిలో ఆయన, "రూటు నిలదొక్కుకునేదాకా కూలి ఒక యాభై తగ్గించుకోండమ్మా" అన్నాడు. ఆ ఆనందంలో ఆమె సరేనంది. మేస్త్రి మాటిస్తే ముఠా అంతా ఇచ్చినట్టే. రోజు కూలి నాలుగొందలు కాస్తా మూడొందల యాభై అయింది. రూటు మాత్రం నిలదొక్కుకోలేదు.

నవీన్‌బాబు ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. ఆయనకీ నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి.

"పోయేటప్పుడు జనం నిండా పోతన్నారు. వచ్చేటప్పుడు సగం సీట్లు ఖాళీ. ఆయిలు ఖర్చు రెండు వైపులా ఒకటే. టికెట్టు పెంచితే ఎక్కేవాళ్ళు ఎక్కరు. ఇంక ఆ తేడా విమానం పొట్టలో ఏసే సరుకు మీదే లాగాలి. కిలోకి నలభై పెంచారు."

"అంటే మన కాయ ఎక్కితేగానీ లేవదాండీ అది?" అంది ముఠాలోని మార్తమ్మ.

"లేస్తే ఆ మంటకే లేస్తదిలే" అని పక్కామె అనేసరికి అందరూ నవ్వారు. నవ్వు దగ్గుల్లో కలిసిపోయింది.

నవీన్‌బాబు నవ్వలేదు. "ఈ పెట్టెలన్నీ ఇప్పి, పండుబారిన కాయ తీసి మళ్ళీ సర్దండి. ఒకసారి ఏరిందానికి ఇంకోసారి కూలుండదు. చీకటి పడినా అయిపోవాలి. రేపట్నించి విమానం లేచిన రోజుకే కూలి." సూసన్ వైపు తిరిగాడు. "బీకాం చదివావు. లెక్క అర్థమయ్యేట్టు మీ అత్తకీ వీళ్ళకీ నువ్వే చెప్పమ్మా."

సౌభాగ్యమ్మ తల వంచుకుని ఒక పెట్టె మూత తీసింది. మాట ఇచ్చిన మనిషి మరి.

సూసన్‌కి లెక్క అర్థమైంది. లండన్ టికెట్టు ఎవరి కూలి కోసి అంత చవకైందో కూడా అర్థమైంది. తన పన్నెండు వేలు, జయరాజ్ పద్నాలుగు వేలు, వత్సవాయిలో కొత్తగా తీసుకున్న ఒంటిగది అద్దె కళ్ళముందు తిరిగాయి.

"నేను చెప్పనండి" అంది.

"ఏంటీ?"

"విమానం లేవకపోతే మీ బేరం పోద్ది, నిజమేనండి. కానీ వీళ్ళ పని అయిపోయింది గదండీ. మళ్ళీ చేస్తే మళ్ళీ కూలివ్వాలి."

"నీ మొగుడు నడిపే బండి ఎవరిదో మర్చిపోయి మాట్లాడతన్నావు."

గుమ్మంలో ఉన్న జయరాజ్, భార్య వైపు చూశాడు. పక్కకి మాత్రం తప్పుకోలేదు.

పెట్టెలో పెట్టబోయిన చేతిని సౌభాగ్యమ్మ వెనక్కి తీసుకుంది.

"మాట ఇచ్చింది నేను బాబుగారూ. తక్కువకి చేస్తామని ఇచ్చా. ఊరికే చేస్తామని ఇయ్యలా."

"సౌభాగ్యం! కాయ పాడైపోద్ది!"

ఆమె నడుం పట్టుకుని, పక్కనున్న పెట్టె మీద కూర్చుంది. ఆడవాళ్ళంతా ఆమె వైపే చూశారు. మూత తీసిన పెట్టెలోంచి ఘాటు లేస్తోంది. కొన్ని కాయలు అప్పుడే కొసల్లో ఎరుపెక్కుతున్నాయి. ఎవరో దగ్గారు.

ఒక్క చెయ్యీ ముందుకి రాలేదు.