వీపు మీద దరువు

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే గది. పగలు నిద్రపోవాల్సిన తండ్రి, పగలే డ్రమ్ము వాయించాల్సిన కూతురు ఇద్దరూ అందులోనే. ఇక ఇల్లాలి పాట్లు చూడండి! కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఆయన రాత్రంతా బేకరీలో పిండి పిసుకుతాడు. నిద్ర చాలక మొన్న ఒక వాయి రొట్టెలు మాడ్చేశాడు. ఇంకోసారి మాడితే ఇంటికి పొమ్మన్నాడు యజమాని. పిల్లకేమో వచ్చేవారమే బ్యాండులోకి ఎంపిక పోటీ.

ఇల్లాలు రాజీ కుదర్చబోయింది. పిల్లను దిండు మీద వాయించమంది. వేళ్లు మొద్దుబారాయని డ్రమ్ము నేర్పే మేస్టారు చీవాట్లు పెట్టారు. మొగుడి చెవుల్లో దూది కుక్కింది. అలారం వినపడక ఆయన పనికి ఆలస్యంగా వెళ్లాడు. సగం సగం పంచితే ఇద్దరికీ సున్నాయే మిగిలింది.

"నాన్నా, కాసేపు బయటికెళ్లవా?"

"ఎక్కడికెళ్లనే? నా నడుం పడిపోతోంది. ఎవరైనా ఈ వీపు బాగా కుమ్మితే బాగుండు తల్లీ!"

ఇల్లాలి చేతిలో కూర తరిగే కత్తి ఆగింది.

"ఏవండీ, బోర్లా పడుకోండి. ఒసేయ్, ఆ డ్రమ్ము పక్కన పెట్టి మీ నాన్న వీపు మీద వాయించు."

"అమ్మా, నీకేమైనా పిచ్చా?"

"దిండంటే మెత్తన. ఈయన వీపు చెక్కలా ఉంటుంది. కానియ్, గట్టిగా!"

పిల్ల భయపడుతూనే మొదలెట్టింది. "ఇంకాస్త పైన... హమ్మయ్య!" అన్నాడాయన. దరువు జోరందుకునేసరికి గుర్రు పెట్టాడు. ఎక్కడైనా తాళం తప్పితే మాత్రం ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. అంతకంటే కఠినమైన గురువు ఎక్కడ దొరుకుతాడు? ఆ వారమంతా బేకరీలో ఒక్క రొట్టె మాడలేదు.

పోటీ రోజున ముందు వరసలో కూర్చున్నారు భార్యాభర్తలు. పిల్ల వాయించడం మొదలుపెట్టిందో లేదో, ఆయన తల వాలిపోయింది. చుట్టూ జనం ఒకటే నవ్వులు. ఇల్లాలికి తల కొట్టేసినట్టయింది. లేపబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంత సంక్లిష్టమైన దరువొచ్చినా ఆయన కదలలేదు. ఆమె కళ్లు చెమర్చాయి.

చప్పట్లు ఆగాక బ్యాండు పెద్దాయన దిగివచ్చాడు.

"అమ్మాయిని తీసుకుంటున్నామమ్మా. పాపం, మీవారికే నచ్చినట్టు లేదు!"

"అయ్యో, అదేం మాటండీ!" అంది ఇల్లాలు, మొగుడి తలను భుజం మీదికి సర్దుకుంటూ. "ఒక్క తప్పు దొర్లినా ఈపాటికి లేచేవారు."