బొమ్మరైలుకు ఎర్రజెండా

ఏడో స్లీపరు దగ్గర లూకా ఆగి, సుత్తితో పట్టా మీద ఒక్క దెబ్బ వేసి, తల వంచి విన్నాడు. మోత శుభ్రంగా ఉంది. ఎనిమిది. తొమ్మిది. పదో స్లీపరు దగ్గర ఒక బోల్టు వదులుగా తగిలింది. బిగించాడు.

అది నిజమైన రైలు పట్టా కాదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ పార్కులో పిల్లల బొమ్మరైలు కోసం వేసినది. చెరువును చుట్టి మళ్లీ షెడ్డుకొస్తుంది, అంతే. రైలు కదిలి ఏడాదిన్నర అయింది. ఈ సాయంత్రం అయిదింటికి కదలాలి. పది రోజుల పిల్లల ప్రకృతి శిబిరానికి ఇవాళ ఆఖరి రోజు. ముఖ్య అతిథిగా రైల్వే పెద్దాఫీసరు వస్తాడు. మొదటి పెట్టెలో కూర్చుని ఒక చుట్టు తిరుగుతాడు.

పట్టా చూసే పని లూకాకు నిన్న సాయంత్రమే అప్పగించారు. అంతవరకూ గేటు తియ్యడం, మొక్కలకు నీళ్లు పెట్టడం అతని పని.

సన్నటి మనిషి. పిక్కలు మాత్రం రాళ్లలా ఉంటాయి. పనిముట్ల సంచి మోసీ మోసీ కుడి భుజం రెండు వేళ్లు కిందికి జారింది. హిజ్లీ వైపు సెక్షన్లో ముప్పై నాలుగేళ్లు కీమన్‌గా చేశాడు. రోజూ పట్టా వెంట నడవడం, వదులైనవి బిగించడం, పట్టా విరిగి కనిపిస్తే రైలును ఆపడం. రిటైరై రెండేళ్లయినా నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. లేచి వీధి చివరిదాకా నడిచి తిరిగొచ్చేవాడు. భార్య దోర్కా గుమ్మంలో నిలబడి నవ్వేది.

“ఏటి, వీది బాగుందా? బోల్టులన్నీ బిగించీసినావా?”

నవ్వేవాడు కానీ లోపల ఎక్కడో గుచ్చుకునేది. ఫలానా వేళకు ఫలానా చోట ఉండాల్సిన అవసరం తనకిక లేదు. పార్కు కాంట్రాక్టరు శ్రీనివాస్ శిబిరానికి మనిషి కావాలన్నప్పుడు, జీతం ఎంతో కూడా అడక్కుండా ఒప్పుకున్నాడు. రైలు సజావుగా తిరిగితే ఏడాదికి ఉంచుకుంటానని శ్రీనివాస్ మాటిచ్చాడు.

పదహారో స్లీపరు దాటాక ఒక రాయి తప్పుగా కనిపించింది.

కంకర రాయికి అంచులుంటాయి. ఎంత అరిగినా ఒక మూల మిగులుతుంది. దీనికి మూల లేదు. పక్కన ఇంకో మూడు. రంగు కంకరదే, మచ్చలు కంకరవే, కానీ నున్నగా ఉన్నాయి. లూకా మెల్లిగా గొంతుక్కూర్చున్నాడు. ఒకదానికి చిన్న చిల్లు. చిల్లులోంచి సూదిమొనంత ముక్కు బయటికొచ్చి లోపలికి పోయింది.

చెరువు గడ్డి దగ్గర తీతువు పిట్ట గోలగోలగా అరుస్తోంది. పది రోజులుగా పిల్లలు దాని గూడు కోసం ఆ గడ్డంతా గాలించారు. అది అక్కడ అరిచి అందర్నీ అక్కడికే తిప్పింది. గుడ్లు ఇక్కడ పెట్టింది.

“దొంగముండా,” అన్నాడు లూకా ముద్దుగా.

ఏడింటికి పిల్లలొచ్చారు. ఇరవై రెండు మంది. అందరికంటే ముందు నవ్య. గోల్‌బజార్లో బట్టల కొట్టు వాళ్ల పిల్ల, తొమ్మిదేళ్లు.

“తాతా! ఇవాళైనా గూడు దొరుకుతాదా?”

“దొరికీసింది. అరిసినావంటే సెప్పను.”

నవ్య రెండు చేతులతో నోరు మూసుకుంది. లూకా శిబిరం నడిపే రాధారాణి దీదీ చెవిలో గూడు సంగతి చెప్పాడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. “హట్టిటి! సచ్ మే, దాదా?” అంది, తీతువును బెంగాలీలో పిలుస్తూ, నిజమేనా అన్నట్టు. పిల్లల్ని ముప్పై అడుగుల దూరంలో వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఉన్న ఒక్క బైనాక్యులర్ను వరసగా చేతులు మార్పించింది.

తొమ్మిదిన్నరకి మొదటి పిట్టపిల్ల బయటపడింది. తడి దూదిపింజకు కాళ్లు మొలిచినట్టుంది. ఇరవై రెండు మందీ శబ్దం లేకుండా గాలిలో చేతులూపారు.

పదకొండింటికి శ్రీనివాస్ వచ్చాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఆఫీసరు కోసం తెచ్చిన శాలువా.

“ఏటి లూకా, పట్టా రెడీయేనా?”

“పట్టా రెడీ బాబూ. తీతువు రెడీ అవలేదు.” చూపించాడు.

శ్రీనివాస్ మొహం మారింది. “తీతువా? పెద్దాయన వొస్తుంటే అపశకునప్పిట్టా? తీసి అవతల పెట్టీ.”

“కదిపితే తల్లి రాదు బాబూ. రేపటికి అన్నీ ఎల్లిపోతాయి. రైలు రేపు తిప్పుదాం.”

“రేపు ఆఫీసరు నీ ఇంటికొస్తాడా?” శ్రీనివాస్ గొంతు తగ్గించాడు. అరిచినప్పటికంటే అదే భయంగా ఉంది. “అయిదింటికి రైలు తిరిగితే ఏడాది నువ్వు నా మనిషివి. ఆగిందంటే ఇవాళే ఆఖరు. ఠీక్ హై?”

లూకా పట్టాను చూశాడు. ఇంజను ముందు వేలాడే రేకు స్లీపరుకు మూడు వేళ్ల ఎత్తులో ఉంటుంది. గూట్లో తల ఎత్తిన పిల్ల అంతకంటే ఎత్తు.

ఒంటిగంటకు రెండోది. మూడున్నరకి మూడోది. నాలుగో గుడ్డుకు చిల్లు పడిందే తప్ప ఏమీ జరగలేదు. తల్లి రెక్కలు విప్పి పిల్లలకు నీడ పట్టి కదలకుండా కూర్చుంది. శిబిరం పిల్లలెవరూ తిండికి లేవనంటే రాధారాణి పూరీలు చెట్టు కిందికే తెప్పించింది.

నాలుగూ నలభై. గేటు దగ్గర కార్లు ఆగుతున్నాయి. షెడ్డులో డ్రైవరు ఏబెల్ ఇంజను స్టార్టు చేశాడు.

లూకా సామాన్ల గదిలోకి వెళ్లాడు. రెండు వెదురు కర్రలు, వేదికకు కట్టగా మిగిలిన ఎర్రగుడ్డ. అయిదు నిమిషాల్లో వచ్చి, గూటికి యాభై అడుగుల ముందు పట్టాకు రెండు వైపులా కర్రలు పాతి, మధ్యలో గుడ్డ బిగించాడు. చేతులకిది ముప్పై నాలుగేళ్ల అలవాటు.

“ఇదేటి తాతా?” నవ్య గుసగుసలాడింది.

“బ్యానరు జెండా. దీన్ని ఏ రైలూ దాటకూడదు. ఎవులేసినారో ఆళ్లే తియ్యాల. ఎంత పెద్దోడైనా సెయ్యి ఎయ్యకూడదు. అసలు లైను మీదైతే ముందర పటాకీలు కూడా పెడతాం, డ్రైవరుకి ఇనబడాలని.”

“బెలూన్లున్నాయి, పగలగొడదామా?”

“నీకు దండం పెడతాను, వొద్దు. పిట్ట గుండాగిపోద్ది.”

సరిగ్గా అయిదింటికి రైలు కూత వేసి బయల్దేరింది. మొదటి పెట్టెలో మెడలో దండతో ఆఫీసరు, పక్కన శ్రీనివాస్. వంపు తిరగ్గానే ఏబెల్‌కు ఎర్రగుడ్డ కనిపించింది. బ్రేకు పడింది. ఆఫీసరు దండ మొహం మీదికొచ్చింది.

“పోనీ! పోనీ!” అరిచాడు శ్రీనివాస్.

“నాను పోనివ్వను,” అన్నాడు ఏబెల్ తాపీగా, జేబులోంచి వేరుశెనగలు తీస్తూ. “ముప్పయ్యెనిమిదేళ్లు షంటింగు సేసినాను, జెండా దాటలేదు. ఈ బొమ్మ కోసం దాటతానా?”

శ్రీనివాస్ దూకి పరుగెత్తుకొచ్చి కర్ర పట్టుకున్నాడు. లూకా అడ్డం వచ్చాడు. ఇద్దరి మధ్యా జానెడు దూరం.

“లూకా, తప్పుకో. చివరిసారి సెప్తున్నాను.”

“అయిపోనాక నానే తీస్తాను బాబూ.”

“చెయ్యి తియ్యండి.”

వెనకనుంచి వచ్చిందా మాట. ఆఫీసరు దిగి నిలబడ్డాడు. శ్రీనివాస్ మొహం విప్పారింది. కానీ ఆఫీసరు చూస్తున్నది అతని చేతినే. “మీకే చెబుతున్నాను. బ్యానరు జెండాను వేసినవాడే తియ్యాలి. నేనైనా తియ్యకూడదు.” తర్వాత లూకా వైపు తిరిగాడు. “లైనుకేమైంది?”

లూకా తెలీకుండానే నిటారుగా నిలబడ్డాడు. “లైను బాగుంది సార్. లైను మీద మనుషులున్నారు. ముగ్గురు పుట్టినారు, ఒకడు పుడుతున్నాడు.”

ఆఫీసరు నవ్వలేదు. “చూడొచ్చా?”

కంకర మీద బూట్లు కరకరమంటాయని రాధారాణి అందర్నీ విప్పమంది. ఇరవై రెండు జతల చెప్పులు పట్టా పక్కన కుప్పపడ్డాయి. ఆఫీసరు కూడా బూట్లు విప్పి, మే నెల కంకర పాదాల్ని కాలుస్తుంటే చిన్నగా గెంతుతూ వచ్చాడు. నవ్య నవ్వాపుకోలేక లూకా చొక్కాలో మొహం దాచుకుంది.

నాలుగో గుడ్డు ఒకసారి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలి రెండుగా విడిపోయింది.

అరగంటలో దాని తడి ఆరింది. తల్లి లేచి గడ్డి వైపు నాలుగడుగులు వేసి పిలిచింది. పిల్లలు నాలుగూ తూలుకుంటూ పట్టా ఎక్కాయి, దిగాయి, గడ్డిలో కలిసిపోయాయి. అప్పుడు చప్పట్లు మోగాయి. పార్కు బయట రిక్షావాళ్లు కూడా తిరిగి చూశారు.

లూకా కర్రలు పీకి, గుడ్డ మడిచి, చేత్తో దారి చూపించాడు. రైలు ఒక్క చుట్టు తిరగాల్సింది నాలుగు చుట్లు తిరిగింది. పిల్లలు ఏబెల్‌ను దిగనివ్వలేదు.

ఆఫీసరు సమోసా తిని, శాలువా కప్పించుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత శ్రీనివాస్ గేటు దగ్గరికొచ్చి, లూకా మొహం చూడకుండా చెయ్యి చాపాడు.

“తాళంచెవి. రేపట్నించి ఇంకో మనిషి వస్తాడు.”

“మంచిది బాబూ.” లూకా ఇచ్చేశాడు.

ముప్పై నాలుగేళ్లలో ఎన్ని రైళ్లు ఆపాడో లెక్కలేదు. ప్రయాణికులు కిటికీల్లోంచి విసుక్కున్నారు, నిద్రపోయారు, మళ్లీ కదిలాక మర్చిపోయారు. ఎందుకాపాడో ఒక్కరూ దిగి చూడలేదు. ఇవాళ బండి బండంతా దిగింది. ఉత్త కాళ్లతో దిగింది. ఇంటికెళ్లి దోర్కాకు ఎక్కణ్నించి మొదలెట్టి చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. ఆఫీసరు గెంతిన దగ్గర్నించి మొదలెడితే బాగుంటుంది.

“టాటా తాతా!” నవ్య తన నాన్న స్కూటరు మీంచి అరిచింది. ఒక కాలికి చెప్పు లేదు. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

లూకా రెండు చేతులూ ఊపి, ఈల వేసుకుంటూ రోడ్డు దాటాడు. వెనక గేటు మూసుకుంది.

పార్కు ఖాళీ అయింది. చెరువు పక్క గడ్డి ఒకచోట కదిలి ఊరుకుంది. పట్టా పక్కన, ఇంకా వేడి తగ్గని కంకర మీద, నీలం రంగు చిన్న చెప్పు ఒకటి అడుగు వెయ్యబోతున్నట్టు గడ్డి వైపు తిరిగి ఉంది.