ఆముదం తాగిన గానుగ

గానుగకి ఆముదం రాస్తే ఒక మనిషి ఉద్యోగం ఊడే దాకా వస్తుందంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. కానీ యాభై ఏడో సంవత్సరం మాఘమాసంలో, చోడవరం నుంచి వడ్డాది పోయే రోడ్డు పక్క చెరకు చేలో అచ్చంగా అదే జరగబోయింది.

ఆ మనిషి పేరు పరదేశి. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని, వీడైనా నిలవాలని పెట్టిన పేరు. ప్రాణం నిలిచింది గానీ మనిషి ఊళ్ళో నిలవలేదు. ఇరవై రెండో ఏట మద్రాసు రైలెక్కి, ఓ సినిమా స్టూడియోలో శబ్దం పట్టే విభాగంలో చేరాడు. చేరాడంటే ఏదో పెద్ద కొలువనుకునేరు! పొడుగాటి వెదురుబొంగు చివర మైకు కట్టి, కెమెరా కంట పడకుండా నటుల నెత్తి మీద పట్టుకుని నిలబడాలి. షాటు అయ్యాక తీగలు చుట్టాలి. ఏడేళ్ళుగా అదే పని. భుజాలు మొద్దుబారిపోయాయి గానీ, కుర్రాడివి పాము చెవులు. ఆ సంగతి స్టూడియోలో ఒక్కరికే తెలుసు. ఆయన రికార్డిస్టు జలాలుద్దీన్ గారు. అనకాపల్లి మనిషే, ఇరవై ఏళ్ళ కిందటే మద్రాసులో స్థిరపడ్డారు.

అప్పుడు తీస్తున్న బొమ్మలో ఓ ఘట్టం ఉంది. మొగుడు పోయిన ఓ తల్లి తెల్లవారుజామున ఒంటరిగా గానుగ ఆడుతుంది. మూడు నిమిషాలు. మాట లేదు, పాట లేదు. గానుగ చప్పుడే అంతా చెప్పాలని డైరెక్టరు గారి పట్టుదల. స్టూడియోలో తుప్పు పట్టిన తలుపు కిర్రుమనిపించారు, నులకమంచం ఊపారు, డోలు మీద తాడు రాశారు. ఆయన కళ్ళు మూసుకుని విని, "ఇది తలుపు. ఇది మంచం. ఇది డోలు. గానుగ ఏదయ్యా?" అన్నాడు.

వెనకాల తీగలు చుట్టుకుంటున్న పరదేశి నోరు ఊరుకోలేదు. "మా అత్త గానుగ ఉందండి. పాత కర్రగానుగ. అది కిర్రుమనదండి, రాగం తీస్తది."

ఇంకేం! అంతా వెనక్కి తిరిగి చూశారు. వారం తిరక్కుండా టేపు యంత్రంతో వ్యాను చోడవరం పంపడానికి ఒప్పుకున్నారు. ప్రొడక్షన్ మేనేజరు మాత్రం వేలు చూపించి మరీ చెప్పాడు. "ఒక్కటే రోజు. వట్టి చేతుల్తో వచ్చావో, తీగలు చుట్టడానికి కూడా నువ్వక్కర్లేదు." జలాలుద్దీన్ గారు పక్కకు పిలిచి, "తెచ్చావంటే నా పక్కన అసిస్టెంటు కుర్చీ నీదే. నేను మాట్లాడతాను," అన్నారు.

పరదేశి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ ఊపులో అత్తకి ఉత్తరం రాసి పడేశాడు: "మన గానుగను సినిమాలోకి తీసుకుంటున్నారు. పెద్దవాళ్ళు వస్తున్నారు. అంతా సిద్ధంగా ఉంచు." ఎందుకొస్తున్నారో మాత్రం రాయలేదు. మహానుభావుడు! ఉన్నదంతా ఆ రాయని మాటలోనే ఉంది.

అత్త పేరు అచ్చియ్యమ్మ. తల్లి పోయిన పరదేశిని మూడో ఏట నుంచి పెంచింది ఆవిడే. మొగుడు పోయినా రెండెకరాల చెరకు, ఒంటెద్దు గానుగ ఒక్కర్తే నెట్టుకొస్తోంది. చుట్టుపక్కల అందరూ ఇనుప గానుగలు తెచ్చుకున్నారు. పక్క చేను బంగార్రాజు ఏటా మాఘంలో గట్టు మీద నిలబడి, "అప్పా, నీ గానుగ మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. ఓదార్సవేటి?" అని ఆట పట్టించేవాడు. పదిమందీ నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది గానీ లోపల ఉడుక్కునేది.

అలాంటి మనిషికి ఆ ఉత్తరం చదివి వినిపించింది ఎవరనుకున్నారు? ఆ బంగార్రాజే.

వ్యాను దిగేసరికి పరదేశికి పెళ్ళిపందిరి కనపడింది. గానుగ చుట్టూ పేడతో అలికి ముగ్గులు, గానుగ దూలానికి మామిడాకులు, మైలగాడనే ఎద్దు కొమ్ములకు పసుపు. జనం ఉతికిన బట్టలు కట్టుకుని గట్ల మీద బారులు తీరారు. అచ్చియ్యమ్మ మేనల్లుడి బుగ్గలు నిమిరి, "సిక్కిపోయేవురా గుంటడా," అని కళ్ళు ఒత్తుకుంది.

జలాలుద్దీన్ గారు వ్యాను పక్కన యంత్రం పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని చెయ్యి ఊపారు. పరదేశి మైకు చాచాడు. మైలగాడు కదిలాడు. గానుగ తిరిగింది.

చప్పుడు లేదు.

చెరకు చిటపటమంది. గానుగ మాత్రం కిక్కురుమనలేదు. పరదేశి అత్త కేసి తిరిగాడు. "అత్తా, గానుగ మాటాడదేటి?"

"ఎలగ మాటాడతాది బాబూ!" అచ్చియ్యమ్మ మొహం వెలిగిపోయింది. "మూడ్రోజులబట్టీ ఆముదం తాగిస్తన్నాను. రెండు శేర్లు! పట్నం నుంచి పెద్దలొస్తంటే అది అలగ ఏడిస్తే నీకు పరువేటుంటాది?"

పరదేశి చేతిలో బొంగు కిందికి జారింది. "నా కొంప ముంచేవత్తా! ఆ ఏడుపు కోసమే కదే మద్రాసు నుంచి వచ్చేము!"

అచ్చియ్యమ్మకు ముందు అర్థం కాలేదు. ఉద్యోగం సంగతి, ఒక్క రోజు గడువు, కుర్చీ, అంతా వాడు గబగబా చెప్పేసరికి ఆవిడ మొహం పాలిపోయింది. ఆపైన జరిగిన హడావుడి ఏమని చెప్పను! కాగే నీళ్ళు పోశారు. బూడిద రుద్దారు. కుంకుడు రసం పట్టించారు. గట్ల మీది జనమంతా దిగి తలో చెయ్యీ వేశారు. ఆఖరికి బంగార్రాజు కూడా పంచె ఎగ్గట్టి కొబ్బరిపీచుతో తోమాడు. అబ్బే! ఏళ్ళ తరబడి ఎండిన కర్ర, దొరికిన ఆముదాన్ని వదులుతుందా? మధ్యాహ్నం దాటింది. చేత్తో తోసి చూస్తే గానుగ ఇంకా మూగదానిలా మెత్తగానే తిరుగుతోంది.

అచ్చియ్యమ్మ గట్టు మీద కూలబడింది. "అందరూ నవ్వుతుంటే సిగ్గనుకున్నాన్రా. అది ఒకళ్ళకి కావాలని నాకేటి తెల్సు? నీ బతుకు నా సేత్తో పాడుసేసేను." పెద్దగా ఏడ్చేసింది. పరదేశికి కోపం పోయి దుఃఖం వచ్చింది. తప్పు ఆవిడది కాదు, ఉత్తరం రాసిన వాడిది.

జలాలుద్దీన్ గారు గడియారం చూసుకున్నారు. "పోనీ, చెరకు నలిగేదీ రసం కారేదీ అయినా పట్టుకుందాం. ఎద్దును తోలమ్మా," అన్నారు మెల్లగా.

మైలగాడు నాలుగడుగులు వేసి ఆగాడు. అదిలిస్తే మళ్ళీ నాలుగడుగులు. మళ్ళీ ఆగి, మెడ తిప్పి గానుగ కేసి చూశాడు.

"మూడ్రోజులబట్టీ ఇదే తంతు సాయిబూ," అంది అచ్చియ్యమ్మ ముక్కు చీదుకుంటూ. "ఆడు పుట్టి బుద్దెరిగిన కాణ్ణుంచీ ఆ సప్పుడు ఎంటే నడిసేడు. అది ఇనపడకపోతే గానుగ ఆడతన్నట్టు ఆడికి తెలవదు."

"మరి మూడు రోజులూ ఎలగ ఆడించేవత్తా?" అన్నాడు పరదేశి.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవులూ లేనప్పుడు... నేనే. సిగ్గేస్తది బాబూ. ఈళ్ళని అటు తిరగమను."

బంగార్రాజు అందర్నీ అటు తిప్పి, తానూ తిరిగాడు. అచ్చియ్యమ్మ ఎద్దు వెనక్కి పోయి, తోక మీద చెయ్యి వేసి, గొంతులోంచి సన్నగా తీసింది. "క్ర్రూఁ... ఊఁ... ఈఁ..." మొదట్లో మూలుగు, మధ్యలో బరువు, చివర సాగి సాగి తెగని ఓ జీర. మైలగాడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. అడుగు పడింది. ఇక ఆగలేదు.

ఈ చప్పుడు పరదేశికి తెలుసు. చెరకు కాలం అయిపోయి గానుగ ఆగిపోయిన రాత్రుళ్ళు, నిద్ర పట్టక మారాం చేస్తుంటే, అత్త ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసేది ఇదే. ఆ నిద్రమత్తులో విన్నది ఇన్నేళ్ళూ గానుగే అనుకున్నాడు. అందులో సగం అత్తేనని ఇప్పుడు తెలిసింది.

ఏడుస్తూ కూచుంటే శబ్దం పోతుంది. మైకెత్తాడు. అత్త పక్కనే అడ్డంగా అడుగులు వేస్తూ, బొంగు ఆవిడ పెదాలకు జానెడు ఎడంగా నిలబెట్టి, తీగ ఎద్దు కాళ్ళకు తగలకుండా, గానుగకు చుట్టుకోకుండా ఎడంచేత్తో వదులుతూ, లాగుతూ చుట్టూ తిరిగాడు. ఒక చుట్టు కాదు, ఇరవై. ఏడేళ్ళు బొంగు పట్టిన భుజం వణకలేదు. ఏడేళ్ళు తీగలు చుట్టిన చెయ్యి తడబడలేదు. గిట్టల చప్పుడు, చెరకు విరుపు, కుండలో రసం ధార, వాటన్నిటి మీద ఆ గొంతు.

జలాలుద్దీన్ గారు యంత్రం ఆపి, టేపు వెనక్కి తిప్పారు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి అచ్చియ్యమ్మ చెవులకు పెట్టి, పట్టింది వినిపించారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇది నేనేటి? కాదు సాయిబూ. ఇది గానుగే."

"అదేనమ్మా నాక్కావలసింది," అన్నారాయన.

మద్రాసులో డైరెక్టరు గారు కళ్ళు మూసుకుని విన్నాడు. తలుపనలేదు, మంచమనలేదు. "ఈ గానుగలో ఎవరో ఉన్నారయ్యా," అన్నాడు. ఎందుకైనా మంచిదని ఆ ఘట్టానికి వయొలిన్లు రాసుకొచ్చిన సంగీత దర్శకుడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "దీని మీద నేనేం వేసినా పాపమే," అన్నాడు. మర్నాటి నుంచి జలాలుద్దీన్ గారి పక్కన ఒక కుర్చీ ఎక్కువ పడింది.

మరుసటేడు చలికాలంలో ఆ బొమ్మ చోడవరం టూరింగ్ టాకీసుకు వచ్చింది. పరదేశి సెలవు పెట్టి వచ్చాడు. మొదటాటకు అచ్చియ్యమ్మ ఒంటెద్దు బండిలోనే బయల్దేరింది. మైలగాణ్ణి డేరా బయట రాటకు కట్టి లోపల నేల మీద కూచున్నారు. పేర్లు పడుతుంటే బంగార్రాజు గొంతెత్తి, "శబ్దగ్రహణ సహాయకుడు, పరదేశి!" అని చదివాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

ఆ ఘట్టం వచ్చింది. తెర మీద తల్లి ఎద్దు వెనకాల నడిచింది. "క్ర్రూఁ... ఊఁ... ఈఁ..." డేరాలో బీడీ ముట్టించినవాడు కూడా లేడు. అచ్చియ్యమ్మ మేనల్లుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. బంగార్రాజు తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ నవ్విన మనిషే.

అంతలో టిక్కెట్లు చింపేవాడు పరుగున లోపలికొచ్చాడు. "అచ్చియ్యమ్మెవరు? నీ ఎద్దుకేటో అయింది! ముడుసుకుని పడున్నది లేచి రాట సుట్టూ గుండ్రంగా తిరగతంది!"

డేరా అంతా ఘొల్లున నవ్వింది. పరదేశి లేవబోయాడు. అచ్చియ్యమ్మ వాడి చెయ్యి వదల్లేదు, తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"కూకోరా. ఆడు నిన్ను మెచ్చుకుంటన్నాడు. తిరగనీ."